గంగమ్మ దీపాలు, మా మామ సైకిలు

ఆ రోజుల్లో మా బాగేపల్లి వైపు ఓటు వేయడమంటే జనానికి గుడికి పోయినంత పని. మైకులు అరుస్తుంటే ఇప్పుడు కిటికీలు మూసుకుంటున్నాం గానీ, అప్పుడు ఓటు చీటీని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకునేవాళ్ళు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళు. ముద్ర వేసే పద్ధతి ఇంకా రాలేదు. నిలబడిన ప్రతి మనిషికీ ఒక పెట్టె, పెట్టె మీద ఆయన గుర్తు బొమ్మ. తెర వెనక్కు పోయి, నచ్చిన పెట్టెలో చీటీ వేసి, ఏమీ ఎరగనట్టు బయటికి రావాలి. అంత పెద్ద పెద్దవాళ్ళ తలరాత గోనెగుడ్డ తెర వెనుక, ఎవరూ చూడని చోట, ఒక కూలిమనిషి చేతిలో ఉంటుందంటే మా ఊళ్ళో చాలామంది నమ్మలేదు. నాకు మాత్రం అప్పుడూ ఒళ్ళు జలదరించేది, ఇప్పుడూ జలదరిస్తుంది. ఆ తెర గురించే ఒక కథ మా బంధువుల్లో చలామణీలో ఉంది. ఎవరి పెళ్ళి జరిగినా భోజనాల తర్వాత ఎవరో ఒకరు చెబుతారు, అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఆ కథ కట్టింది నేనే. అందులో మనుషులు నిజం, దీపాలు నిజం, సైకిలు నిజం. ఒక్క కారణం మాత్రం నిజం కాదు. దాన్ని దిద్దుదామనే ఈ నాలుగు పేజీలు.

మొదటి ఎన్నికల్లో మా పెద్దమామ (మా అమ్మకు పెద్దన్న, ఊళ్ళో పెద్ద సేద్యగాడు) ఏ పార్టీ లేకుండా సొంతంగా నిలబడి ఓడిపోయాడు. ఎంత తేడాతో అంటే, ఆయన్ని ఓడించిన ఓట్లన్నీ ఒక్క పెళ్ళిబస్సులో పట్టేవి (నలుగురైదుగురు టాపు మీద కూర్చోవాల్సి వచ్చేదేమో, అంతే). ఆ రోజు మొదలు మామ రోడ్డు మీద బస్సు కనిపిస్తే చాలు, లోపల ఎంతమంది ఉన్నారో తొంగి చూసి నిట్టూర్చేవాడు. గెలిచినాయన బాగేపల్లిలో వేరుశెనగ వ్యాపారి. ఆయన గుర్తు తక్కెడ. అందుకని అందరూ ఆయన్ని తక్కెడాయన అనేవాళ్ళు, ఆయన ఎదురుగానే అనేవాళ్ళు, ఆయన పలికేవాడు కూడా. రెండో ఎన్నికలకు ఆయన గుర్తు ఆయనకే ఉండిపోయింది. మామకు సైకిలు వచ్చింది. మామ ఎడ్లబండి ఎక్కాడు, గుర్రం ఎక్కాడు గానీ సైకిలు మాత్రం ముట్టుకుని ఎరగడు. ఊరేగింపులో ఆయన్ని సైకిలు మీద కూర్చోబెట్టి ఇటొకడు అటొకడు పట్టుకుని నడిపిస్తే, మిట్టేమరి సంతలో ఒక ముసలాయన పక్కవాణ్ణి అడిగాడట, “ఏమప్పా, ఆయప్పకి కాలు బాగలేదా?” అని.

ఆ సైకిలు నాది. బెంగళూరులో బి.ఏ. చదవడానికి పోయి, దాన్ని పాసు కాకుండా, కాలరు చొక్కాలు రెండూ ఒక సైకిలూ సంపాదించుకుని వచ్చిన రోజులు. మామ నన్ను పిలిచి, “ఒరే అల్లుడా, నువ్వు బాగా మాట్లాడతావు కదా, ఈ తూరి ప్రచారమంతా నీదే. ఈసారి గూడా ఓడిపోతే నేను బాగేపల్లి బజార్లో తల ఎత్తుకోని నడిచేది లేదు” అన్నాడు. అదే నా మొదటి ఉద్యోగం. జీతం లేదు గానీ హోదా ఉంది. మామ అంత మాట అన్నాడంటే మామూలు సంగతి కాదు. ఆయన మంచివాడు, పెట్టే చెయ్యి. కాకపోతే ఎవరు ఏం అడిగినా “చూద్దాం” అనేవాడు, ఆ చూడటం అక్కడితో అయిపోయేది.

మా ఊరి కింద, మిట్ట దిగితే ఒక పల్లె ఉంది. దిగువపల్లె అంటాం. చుట్టుపక్కల ఊళ్ళన్నీ సగం సైకిలుకూ సగం తక్కెడకూ ఖాయమైపోయాయి. దిగువపల్లెలో మగవాళ్ళు కూడా రెండుగా చీలిపోయారు. మిగిలింది ఆ పల్లె ఆడవాళ్ళు. వాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు, మా వాళ్ళూ అడగలేదు, తక్కెడ వాళ్ళూ అడగలేదు. “వాళ్ళను నాకు వదిలేయండి” అన్నాను నేను కాలరు సర్దుకుంటూ. 

ఒక మధ్యాహ్నం ఆ పల్లె బడి ముందు ఎండలో నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. మగవాళ్ళు అరుగు మీద కూర్చున్నారు, ఆడవాళ్ళు దూరంగా కడవలు చంకన పెట్టుకుని నిలబడ్డారు. ప్రజాస్వామ్యం గురించి బెంగళూరులో విన్నదంతా చెప్పాను. ఎవరి ముఖంలోనూ ఏమీ కనిపించలేదు. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. మా వైపు గంగమ్మకు తంబిట్టు దీపాలు ఎత్తుతారు. బియ్యప్పిండీ బెల్లమూ కలిపి ముద్దచేసి, దాన్ని దీపంలా మలిచి, నెయ్యి పోసి వత్తి వెలిగించి, పూలు చుట్టిన పళ్ళెంలో పెట్టి తల మీద పెట్టుకుని తమటె (మా వైపు తప్పెట) వాయిస్తుండగా వరసగా గుడికి నడుస్తారు. దేవతకు చూపించేదాకా ఆ దీపం కింద దించకూడదు, ఆర్పకూడదు. “అమ్మల్లారా” అన్నాను గొంతు పెంచి, “గంగమ్మకు దీపాలెత్తినట్టు ఆ రోజు ఓటు ఎత్తుకుని రండి. ఇంట్లో ఒక్కరూ ఉండకూడదు. పసుపు కుంకాలతో, పూలతో, దీపాలతో బయలుదేరినట్టు బయలుదేరండి!”

ఈసారి ముఖాలు మారాయి. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. గుంపులోంచి దీపాలవ్వ ముందుకు వచ్చింది. ఏటా మొదటి దీపం ఎత్తేది ఆమె కాబట్టి ఆ పేరు. 

“అప్పా, నువ్వు చెప్పేది నిజమేనా? దీపాలెత్తుకోని రావచ్చునా?”

“రావచ్చునా అంటావేమవ్వా, రావాల్సిందే.”

“మొగోళ్ళు కొట్లాడుకోని మాకు రెండేండ్లుగా పండగ లేకుండా చేసినారు. మీ మామ ఏమీ అనడు కదా?”

“మామ మాటే నా మాట” అన్నాను. (మాటకు అలంకారం అనేది ఒకటి ఉంటుందని ఆమెకు తెలుసనుకున్నాను. ఆమెకు తెలుసునేమో, ఇప్పటికీ చెప్పలేను.) మాట్లాడి మాట్లాడి గొంతెండిపోయి మంచినీళ్ళు అడిగితే ఒక చెంబు తెచ్చిచ్చింది. సగానికి తక్కువే ఉన్నాయి. “తాగప్పా. మిట్టకవతల నుంచి మోసుకోనొచ్చిన నీళ్ళు” అంది. గడగడా తాగేసి, మారిన ఆ ముఖాలను గుర్తు చేసుకుంటూ సైకిలెక్కాను. ఊళ్ళో బావి పెట్టుకుని మిట్టకవతల నుంచి ఎందుకు మోస్తున్నారని అడగాలనే తోచలేదు.

ఓటింగు రోజు నేను మామ తరఫున ఏజెంటుగా దిగువపల్లె బడిలో కూర్చున్నాను. ఆఫీసరు చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన కన్నడ మేష్టరు, నల్ల టోపీ పెట్టుకున్న పద్ధతైన మనిషి. బడికి వంద గజాల అవతల జవాను చేత ఒక రాయి పాతించి సున్నం కొట్టించాడు. ఆ రాయి దాటి లోపల ఎవరూ ప్రచారం చేయకూడదని రూలు. పొద్దున మగవాళ్ళు వచ్చారు, వేశారు, పోయారు. ఆడవాళ్ళకు వేరే పెట్టెలు పెట్టారు గానీ, ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. మధ్యాహ్నం దాటింది.  తక్కెడాయన ఏజెంటు నన్ను చూసి ముసిముసిగా నవ్వడం మొదలుపెట్టాడు. అప్పుడు దూరంగా తమటె వినిపించింది.

నేను వరండాలోకి వచ్చి చూశాను. పల్లె మలుపు తిరిగి ఒక్కొక్కరే కనబడుతున్నారు. పసుపు రాసుకున్న పాదాలు, తల మీద పూల పళ్ళేలు, పళ్ళేల్లో దీపాలు. ఆ ఎండలో మంటలు సరిగ్గా కనిపించడం లేదు, మంట పైన గాలి మాత్రం వణుకుతోంది. అత్తలు, కోడళ్ళు, చంకలో బిడ్డతో ఒక బాలింత. తోక ఇంకా మలుపు అవతలే ఉంది. ఆఫీసరు నా పక్కకు వచ్చి నిలబడి, “ఏనప్పా ఇదు?” అన్నాడు. ఏమని చెప్పను? “ఓటు వేయడానికి వస్తున్నారు సార్” అన్నాను.  అప్పుడు ఆయనకు డ్యూటీ గుర్తొచ్చింది. లోపల పెట్టెలు, చీటీలు, గోనెగుడ్డ తెర, పైన బోదగడ్డి కప్పు. పరుగెత్తుకుంటూ పోయి సున్నపు రాయి దగ్గర రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. “ఒళగె బెంకి బేడ తాయీ, నిప్పుతో లోపలికి పంపేదానికి లేదు. దించి రండి.”

“దించకూడదు సామీ” అంది దీపాలవ్వ.

“సరే, ఆర్పేసి రండి.”

ఆ మాటకు వరస మొత్తం మూలిగింది. దీపాలవ్వ నా వైపు చూసింది. “ఏమప్పా, నువ్వే కదా రమ్మంటివి. చెప్పు ఆయప్పకి.”

నేను చెప్పాను, రెండు భాషల్లోనూ చెప్పాను. ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. తెలిసిన సాకులన్నీ అయిపోయి, చివరికి నేనే ఆడవాళ్ళ వైపు తిరిగి దించమని బతిమాలుకున్నాను. ఒక్కరూ కదల్లేదు. ఎండలో అలాగే నిలబడ్డారు. మెడలు వణుకుతున్నాయి, నెయ్యి కారి నుదుళ్ళ మీదికి దిగుతోంది. ఓటింగు ముగిసే సమయం దగ్గర పడుతోంది. మామ ఊళ్ళో అరుగు మీద కూర్చుని ఎదురు చూస్తుంటాడు, బాగేపల్లి బజార్లో తల ఎత్తుకుని నడవడం ఈ వరస మీద ఆధారపడి ఉంది. ఆ వరసను ఇక్కడిదాకా తెచ్చింది నా అలంకారం.

దీపాలవ్వ ఉన్నట్టుండి కాలి దగ్గరున్న సున్నపు రాయిని చూసింది. “ఈ రాయి ఎవురు పెట్టినారు?”

“సర్కారు వాళ్ళు” అన్నాడు జవాను.

“ఏంటికి?”

“ఇది దాటి ఎవురూ గలాటా చేయకుండా.”

“అంటే ఎల్ల, పొలిమేర కాసే రాయి” అంది ఆమె. “మా గంగమ్మ చేసేదీ ఆ పనే గదా. ఈ పూటకి ఈయమ్మే గంగమ్మ. రాండమ్మా.” 

ఆఫీసరు ఏదో అనబోయాడు గానీ అప్పటికే కొంగున ఉన్న పసుపు రాయికెక్కింది, దాని మీద కుంకుమ ఎక్కింది. తమటె మళ్ళీ మోగింది. మూడు చుట్లు తిరిగి, ఒక్కొక్కరూ దీపం రాయికి చూపించి దాని ముందు దించారు. సర్కారు రాయి చుట్టూ వలయం తర్వాత వలయం దీపాలు. ఆఫీసరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. చెమట తుడుచుకోవడానికే తీశానని తర్వాత నాతో అన్నాడు.

తర్వాత వాళ్ళు లోపలికి వచ్చారు. నేను పుట్టినప్పటినుంచి చూస్తున్న మనుషులే. ఎగువింటి కోడలు, కుంటాయన పెండ్లాము, రెడ్డోళ్ళ చిన్నమ్మ అని తెలుసు, అంతకు మించి తెలియదు. ఆఫీసరు పేరడిగితే ఒక్కొక్కరూ తల వంచుకుని, గొంతు సవరించుకుని, తమ పేరు చెప్పారు. కొందరి పేరు విని వాళ్ళ మొగుళ్ళే తలుపు దగ్గర నిలబడి ఆశ్చర్యపోయారు (ఇంట్లో “ఏమే” తప్ప వాడకం లేదు కాబట్టి). చీటీ కళ్ళకద్దుకుని తెర వెనక్కు పోయేవాళ్ళు. బయటికి వచ్చేటప్పుడు ముఖంలో ఒక స్థిమితం కనిపించేది. చిన్నప్పటినుంచి నేనెన్నో గుళ్ళు చూశాను, శివరాత్రికి నంది తిరునాళ్ళు చూశాను. కానీ ఆ బోదకప్పు బడిలో ఆ సాయంత్రం కూర్చున్నట్టు ఇంకెక్కడా కూర్చోలేదు. గెలిచేశాం, అనుకున్నాను కూడా.

లెక్కింపు తాలూకా కచేరీలో. దిగువపల్లె ఆడవాళ్ళ సైకిలు పెట్టెను గుమాస్తా ఎత్తి ఊపితే లోపల ఎండిన కంది కాయ చప్పుడైంది. తక్కెడ పెట్టె మూత తెరవగానే చీటీలు ఉబికి బయటికి వచ్చాయి. కొన్నింటికి పసుపు, కొన్నింటికి నెయ్యి మరక. మామ మళ్ళీ ఓడిపోయాడు. ఈసారి తేడా బస్సు కూడా అక్కర్లేదు, రెండు ఎడ్లబండ్లు చాలు.

మర్నాడే సైకిలేసుకుని దిగువపల్లెకు పోయాను. నా కోపానికి మిట్ట దిగేటప్పుడు బ్రేకు కూడా వేయలేదు. దీపాలవ్వ ఊరి బావి దగ్గర ఉంది. చాంతాడు దిగుతూనే ఉంది, దిగుతూనే ఉంది. బొక్కెన పైకి వచ్చాక చూస్తే అడుగున పిడికెడు బురద.

“ఏమవ్వా, ఇంత పని చేస్తిరే. నేను రమ్మంటే దీపాలెత్తుకోని వచ్చి, ఓటు తక్కెడకి వేస్తిరా?” 

“దీపం గంగమ్మది. ఆయమ్మకి ఇచ్చినాము. ఓటు మాది” అంది ఆమె బురద పారబోస్తూ. ఎగువ నుంచి మామ ఉల్లితోటలో బావినీళ్ళు తోడే ఆయిలు ఇంజను డుగు డుగుమంటోంది. ఆ చుట్టుపక్కల అదే మొదటి ఇంజను, మామకు దాని మీద ప్రాణం. ఆమె గడ్డంతో ఆ చప్పుడు వైపు చూపించింది. “అది వచ్చినప్పటినుంచి మా బాయిలో నీళ్ళు నిలవలేదు. మీ మామ కాడికి మూడు తూర్లు పోయినాము. పగలు నడుపుకోప్పా, పొద్దు గుంకితే ఆపు, తెల్లారేలోగా ఊరి కడవలకి కాస్త ఊరుతాదంటిమి. చూద్దామనె.”

“తక్కెడాయన నీళ్ళిస్తాడా మరి?”

“ఆయప్ప యాడిస్తాడు. సెనక్కాయలమ్ముకునే ఆయప్ప.” కొంచెం నవ్వింది. “మీ మామకి కాదని చెప్పేదానికి ఇంకో పెట్టి కావల్ల కదప్పా. అది ఉండె. పో, పోయి చెప్పు మీ మామకి. కోపంతో చేసింది కాదని చెప్పు. నోటితో చెప్తే ఇనలేదు, అందుకని చీటీతో చెప్పినామని చెప్పు.”

నేను ఇంటికి పోయేసరికి మామ పట్టెమంచం మీద తడిగుడ్డ నుదుటి మీద వేసుకుని పడుకుని ఉన్నాడు. ముందురోజు నుంచి అన్నం ముట్టలేదని అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “ఏమిరా అంటారు వాళ్ళు?” అన్నాడు మామ కళ్ళు తెరవకుండానే. నోరు తెరిచాను. ఇంజను చప్పుడు అక్కడికీ వినిపిస్తోంది. మామ ముఖం చూశాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది. 

“ఏం చెప్పేది మామా. మన గుర్తు సైకిలు కదా. సైకిలు సీటు తోలుది. గంగమ్మకు దీపమెత్తిన చేత్తో తోలు ముడితే మైల అని, ఆ పెట్టెను ముట్టకుండా పక్క పెట్టెలో వేసినారంట.”

మామ తడిగుడ్డ తీసేశాడు. ఒక క్షణం నన్ను చూశాడు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, తర్వాత మంచమంతా కదిలింది. “తోలు సీటంట! ఒసే, ఇన్నావా, తోలు సీటంట!” అంటూ కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వి, లేచి కూర్చుని, అన్నం పెట్టమన్నాడు. అత్త నాకు కూడా పెట్టింది, నెయ్యి ధారాళంగా వేసింది. ఆ పూట నేను మంచిపని చేశాననే అనుకున్నాను. నెల తిరక్కుండా కథ చింతామణి దాకా పోయింది. కైవారం తిరునాళ్ళలో ఎవరో పరాయివాడు నాకే చెప్పాడు, నేను కూడా అందరితో పాటు నవ్వాను.

మూడో ఎన్నికలకు మామ గట్టి జాగ్రత్త తీసుకున్నాడు. గంగమ్మకు ఏ మాత్రం అభ్యంతరం లేని గుర్తు కావాలని కచేరీ చుట్టూ తిరిగి తిరిగి పువ్వు సంపాదించాడు. “పువ్వుకి మైలేమి రా, దేవత తలమీదే ఉంటాది” అని మురిసిపోయాడు. అప్పటికి పెట్టెలు పోయి ముద్ర వచ్చింది. నన్ను మళ్ళీ దిగువపల్లెకు పంపాడు. దీపాలవ్వ గుడిసె ముందు కూర్చుని ఉంది, చూపు మందగించింది, నా సైకిలు గొలుసు చప్పుడు గుర్తుపట్టింది. 

“ఏమప్పా, చెప్పినావా మీ మామకి?”

“చెప్పినానవ్వా” అన్నాను.

 మిట్ట పైన ఇంజను ఆడుతూనే ఉంది. “చెప్పింటే నీళ్ళొచ్చిండును” అంది.

ఆ సాయంత్రమే మామ ముందు కూర్చుని అసలు సంగతంతా చెప్పాను. ఇంజను, బావి, బురద, చీటీ, అన్నీ. మామ శ్రద్ధగా విన్నాడు. విని, నా భుజం తట్టి, “పో రా, వాళ్ళకంత యోచన యాడిది. తోలు సీటు ముట్టుకోనోళ్ళు ఇంత కథ ఆలోచిస్తారా” అని నవ్వాడు. ఆయన్ని నమ్మించడానికి నా దగ్గర నిజం తప్ప ఏమీ లేదు, అబద్ధం ఆయన దగ్గర అయిదేళ్ళుగా ఉంది. పువ్వు గుర్తు మీద మామ రెండు బస్సుల తేడాతో ఓడిపోయాడు. ఇంజను ఆగింది మాత్రం చాలా ఏళ్ళకు, మామ బావి కూడా ఎండిపోయిన ఏడు. అప్పటికి దీపాలవ్వ లేదు. సున్నపు రాయి ఉంది. ఇప్పుడు ఎవరు నామినేషను వేయబోయినా ముందు దాని దగ్గర కొబ్బరికాయ కొడుతున్నారు.

మొన్న చింతామణిలో మా బంధువుల పెళ్ళి. భోజనాలయ్యాక పిల్లలు చుట్టూ చేరి, “తాతా, తోలు సీటు కథ చెప్పు” అన్నారు. తల నెరిసింది, ఇంకెప్పుడు చెబుతానని, ఉన్నది ఉన్నట్టు మొత్తం చెప్పాను. బావి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు లేచి పోయారు. అయిపోయాక ఎవరూ నవ్వలేదు. మా చెల్లెలి కొడుకు నా మీద జాలిపడి, “మామకి వయసయిపోయింది, మరిచిపోయినాడు. అసలు కథ అది కాదు, నేను చెప్తా రాండి” అని మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే నాకంటే బాగా చెప్పాడు. సీటు దగ్గరికి వచ్చేసరికి పందిరి ఎగిరిపోయేంత నవ్వు. మూల కుర్చీలో పెద్దమామ, తొంభైకి దగ్గరైన మనిషి, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ “తోలు సీటంట!” అంటున్నాడు. నేను కట్టిన కథ చేతిలో నేనే ఓడిపోయాను, అదీ ఎన్ని బస్సుల తేడాతోనో.

నవ్వనిది ఒక్కతే. పెళ్ళికూతురు తరఫున వచ్చిన పెద్దావిడ, దిగువపల్లె మనిషి. దీపాలవ్వ కోడలని తర్వాత తెలిసింది. ఆనాడు చంకలో బిడ్డతో వరసలో నిలబడ్డ బాలింత ఆమేనట. గుంపును దాటుకుని వచ్చి నా ముందు ఒక చెంబు పెట్టింది. అంచుల దాకా నీళ్ళు. “మా అత్త గూడా నువ్వు చెప్పినట్లే చెప్తా ఉండె. తాగప్పా” అని తన పాటికి తాను పోయింది. 

నాకు పడిన ఆ ఒక్క ఓటును రెండు చేతులా అందుకుని, కాలరు సర్దుకుంటూ సైకిలెక్కిన ఆ కుర్రవాణ్ణి తలచుకుని కాస్త నవ్వుకుని, ఈసారి నెమ్మదిగా తాగాను.